ప్రొఫైలు ఏ గూట్లో ఉంది

ఆ రోజు పొద్దున చిన్న కోడలు షట్టరెత్తి, లైట్లు వేసి, కంప్యూటర్ ఆన్ చేసి, అది మేలుకునేలోపు ఎంబ్రాయిడరీ మిషను సూదుల కింద పేరుకున్న దారపు నూగు దులపడానికి వెళ్ళింది. బ్రష్షు చేత్తో పట్టుకునే తిరిగొచ్చి చూస్తే తెర బోసిగా ఉంది. నీలి రంగు, ఓ మూల చెత్తబుట్ట బొమ్మ, అంతే. నిన్న సాయంత్రం దాకా ఆ తెర మీద ఆవగింజ వేస్తే రాలేది కాదు. ఆసుపత్రి కోట్ల మీద కుట్టే పేర్లు, హోటలు తువ్వాళ్ళ అంచులు, బడి టోపీల మీది బొమ్మలు, వాటన్నిటి నడుమ ఈత క్లబ్బు వాళ్ళ చేప. ఇప్పుడు ఒక్కటీ లేదు.

తెర కింది మూలన ఓ చిన్న పెట్టెలో ఏదో రాసి ఉంది. మీరు తాత్కాలిక ప్రొఫైలుతో లోపలికి వచ్చారు, మీ ఫైళ్ళు మీకు కనబడవు, ఇప్పుడు మీరు చేసే పని బయటికి వెళ్ళగానే చెరిగిపోతుంది అని దాని సారాంశం. ఆమె మళ్ళీ చదువుదామనుకునేలోపు ఆ పెట్టె కూడా మాయమైంది.

"ఏమండీ! కంప్యూటర్ ఊడ్చిపెట్టుకుపోయింది!"

వెనక గదిలో జాకెట్ల మూటలు విప్పుతున్న భర్త అక్కణ్ణుంచే అడిగాడు. "ఆపి మళ్ళీ వేశావా?"

"వేశాను."

"ఇంకోసారి వెయ్యి."

ఫ్యానైనా, నీళ్ళ మోటారైనా, ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే. ఆమె ఇంకోసారి వేసింది. మళ్ళీ అదే నీలి రంగు, అదే చెత్తబుట్ట.

ఆమె దిగులంతా చేప గురించే. మర్నాడే ఈత పోటీలు. క్లబ్బు వాళ్ళ తెల్ల జాకెట్లన్నిటి మీద ఛాతీ దగ్గర ఆ చేప ఎగురుతూ ఉండాలి, చుట్టూ క్లబ్బు పేరు ఉండాలి, సాయంత్రానికల్లా అన్నీ మడతపెట్టి ఇవ్వాలి. బొమ్మను కుట్లుగా మార్చి మిషనుకు అర్థమయ్యేలా చేయడం చిన్న పని కాదు. కళ్ళు కాయలు కాచేలా కూర్చుని ఆమె ఆ చేపను తయారుచేసింది. తోక కిందికి ఉందని ఓసారి, రెక్క లావైందని ఓసారి కోచ్ తిప్పి పంపాడు. నిన్ననే 'ఇప్పుడు బాగుంది' అన్నాడు. ఆ బాగున్న చేప డెస్క్‌టాప్ మీద తప్ప ఇంకెక్కడా లేదు. పెన్ డ్రైవ్‌లో ఉన్నది పాత చేప. అది ఎగిరే చేపలా కాదు, వల్లోంచి దులిపిన చేపలా ఉందని కోచే అన్నాడు.

కంప్యూటర్ బాగుచేసే ఆయనకు ఫోన్ చేసింది. ఎక్కడో గోడకు రంధ్రం పెడుతున్న చప్పుడు మధ్య ఆయన గొంతు వినబడింది.

"కంగారు పడకండి మేడమ్. ఫైళ్ళెక్కడికీ పోవు. మీ ప్రొఫైలు తెరుచుకోక, కంప్యూటర్ మీకో ఉత్తుత్తి గది చూపించి కూర్చోబెట్టింది. అసలు గది లోపలే ఉంటుంది. సీ డ్రైవ్ తెరవండి. యూజర్స్ అని ఓ ఫోల్డరుంటుంది. దాంట్లో వాడుకునే మనిషికో ఫోల్డరు. మీ పేరుతో ఉన్నది తెరిస్తే అన్నీ అందులోనే ఉంటాయి."

ఆమె తెరిచింది. అడ్మిన్, పబ్లిక్, టెంప్, టెస్ట్. కంప్యూటర్ తెరవగానే కనబడే పేరేమో 'బుజ్జి'. ఇంట్లో ఆమెను అందరూ పిలిచే పేరది. ఇక్కడ బుజ్జి లేదు.

"నా పేరు లేదండీ."

"స్పెల్లింగు వేరేగా ఉందేమో చూడండి."

"నా పేరు స్పెల్లింగు నాకు తెలియదా?"

"సరే, విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కండి. చిన్న పెట్టె వస్తుంది. అందులో శాతం, యూజర్‌ప్రొఫైల్, మళ్ళీ శాతం. మధ్యలో ఖాళీ వదలొద్దు."

అప్పటికి భర్త వచ్చి, నేను కొడతాను జరుగు అని కీబోర్డు లాక్కున్నాడు. ఫోన్ స్పీకర్లో పెట్టారు.

"దొరకలేదంటోందయ్యా," అన్నాడు భర్త.

"ఏం కొట్టారు సార్?"

"మీరు చెప్పిందే. పి, ఈ, ఆర్, సి..."

"అయ్యో, శాతం అంటే గుర్తు సార్! గీతకు అటో సున్నా ఇటో సున్నా ఉంటుందే, అది!"

ఈసారి ఓ ఫోల్డరు తెరుచుకుంది. భార్యాభర్తలిద్దరూ ముందుకు వంగారు. పైన 'టెంప్' అని ఉంది. లోపల డెస్క్‌టాప్ అనే ఫోల్డరు నొక్కితే అరచేయిలా ఖాళీ.

"అది మీరిప్పుడు కూర్చున్న ఉత్తుత్తి గదే మేడమ్. అసలుది వేరే ఉండాలి. యూజర్ పేరు ఎప్పుడైనా మార్చారా?"

భర్త గోడ మీది దారపు కోన్ల వైపు చూశాడు.

"మార్చాను," అంది చిన్న కోడలు. "అంతకుముందు చంటి అని ఉండేది. ఆ పేరుతోనూ ఇక్కడ ఏమీ లేదు."

"దానికంటే ముందు?"

"దానికంటే ముందేముంటుంది?"

"మొదట ఎవరు పెట్టారో వాళ్ళనడగండి. ఇంకోటి, సీ డ్రైవ్ ఎర్రగీత దాకా నిండిందా? నిండిందా... అందుకే ఇలా అయ్యుంటుంది. అక్కర్లేనివి తీసేసి కాస్త చోటు చేయండి. మామూలుగా తీస్తే బుట్టలో పడి అక్కడే ఉంటాయి, షిఫ్ట్ నొక్కి తీయండి, పూర్తిగా పోతాయి. నేను నిచ్చెన మీదున్నాను, దిగాక చేస్తా."

ఫోన్ పెట్టేశాడు.

మొదట పెట్టిన మనిషి సరిగ్గా వాళ్ళ తల మీదే ఉంది. పై వాటాలో పెద్ద కోడలు. చంటి అంటే ఆవిడే. యాభయ్యో పడికి దగ్గరపడుతున్నా పుట్టింటివాళ్ళు పెట్టిన ఆ పేరు వదల్లేదు. ఈ షాపు తోడికోడళ్ళిద్దరూ కలిసి పెట్టిందే. కంప్యూటర్ పెద్దామెది, మిషను చిన్నామెది. తర్వాత చిన్నామె కంప్యూటరూ నేర్చుకుంది. ఆ మధ్య పెద్దామె చెల్లెలింటికి వెళ్ళి కొన్నాళ్ళుండి వచ్చేసరికి, తెర మీద 'చంటి' పోయి 'బుజ్జి' వచ్చింది. ప్రతి కాగితం కిందా తయారుచేసినవారు చంటి అని పడుతోంటే, ఈ చంటిపిల్ల ఎవరండీ అని వచ్చినవాళ్ళంతా నవ్వుతున్నారు, అందుకని చిన్నామె మార్చింది. అంతకుమించి ఆలోచించలేదు. పెద్దామె మాత్రం తెర వంక ఓసారి చూసి, కుర్చీలో కూర్చోకుండానే, ఒక్క మాటా అనకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ షాపులో అడుగుపెట్టలేదు. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా రాయబారం అత్తగారిదే.

అత్తగారు వెనక గుమ్మంలో పీట వేసుకుని, కుట్టిన తువ్వాళ్ళకు వేలాడే దారప్పోగులు కత్తిరిస్తోంది.

"అత్తయ్యా, ఒక్కసారి పైకెళ్ళి అక్కనడగండి. కంప్యూటర్ కొన్న కొత్తలో యూజర్ పేరు ఏం పెట్టిందో."

"నువ్వే అడగరాదూ? ఆ మెట్లు నిన్నేమైనా కరుస్తాయా?"

"నాతో మాట్లాడదుగా."

"నువ్వు మాట్లాడితేగా అది మాట్లాడేది! ఒకత్తి నోరు కుట్టేసుకుంది, ఇంకొకత్తి చెవులు కుట్టేసుకుంది. మధ్యలో నా కీళ్ళు అరుగుతున్నాయి." గొణుక్కుంటూనే కత్తెర పక్కన పెట్టి లేచింది.

పైన పెద్ద కోడలు అద్దం ముందు జుట్టుకు రంగు వేసుకుంటోంది. సగం తల నల్లగా తడిగా ఉంది, సగం ఇంకా నెరిసే ఉంది. భుజాల మీద పాత తువ్వాలు.

"ఏమే, మొదట్లో యూజర్ ఛార్జీ ఏం పెట్టావని అడుగుతోంది."

"ఛార్జీ ఏంటి అత్తయ్యా? నేనేమైనా టోల్‌గేటు నడుపుతున్నానా?"

"నాకేం తెలుసు. కంప్యూటర్లో బల్లంతా ఖాళీ అయిపోయిందట."

పెద్ద కోడలు బ్రష్షు ఆపింది. "బల్ల కాదు, డెస్క్‌టాప్ అయ్యుంటుంది. ఖాళీ అంటే? ప్రొఫైల్ పాడైందా, ఫైళ్ళు పాడయ్యాయా? అది కనుక్కోండి ముందు."

అత్తగారు రెయిలింగు పట్టుకుని దిగింది. "ప్రొఫైలు పాడైందా పైపులు పాడయ్యాయా అంటోంది."

"పైపులా?" చిన్న కోడలు తల పట్టుకుంది. "అత్తయ్యా, నేనడిగింది పేరు. పే, రు."

"అరవకు. వినబడుతుంది నాకు."

"సరే, ఈ నాలుగు పేర్లు చెప్పి, వీటిలో తను పెట్టింది ఏదైనా ఉందేమో అడగండి. అడ్మిన్, పబ్లిక్, టెంప్, టెస్ట్."

అంతలో ఫోన్ మోగింది. కోచ్. వెనక పిల్లల కేకలు, నీళ్ళ చప్పుడు. "జాకెట్లు ఎంతవరకు వచ్చాయమ్మా?"

"మిషను మీదున్నాయండీ," అంటూ, ఆ అబద్ధం భర్త ముందు ఆడలేక ఆమె వీధిలోకి నడిచింది. మిషను మీద ఉన్నది దారం మాత్రమే. ఎదుటి టైర్ల కొట్టు ముందు నిలబడి ఆయన చెప్పేదంతా వినాల్సి వచ్చింది. పోటీ ఎన్ని గంటలకు మొదలవుతుందో, జాకెట్ లేకపోతే పిల్లలు ఎలా చిన్నబోతారో. అవునండీ, అలాగేనండీ అంటూ ఆమె చెప్పు కొనతో రోడ్డు మీది గులకరాయిని అటూ ఇటూ దొర్లించింది.

లోపల భర్తకు చేతులు ఊరికే ఉండలేకపోయాయి. చోటు చేయమన్నాడు కదా. అక్కర్లేనివి తీయమన్నాడు కదా. అడ్మిన్ ఏదో ముఖ్యమైనదిలా ఉంది, పబ్లిక్ అంటే పదిమందిదీ, టెంప్‌లో ఇప్పుడు తామే ఉన్నారు. ఇక మిగిలింది టెస్ట్. ఎవరో ఎప్పుడో పరీక్షకని పెట్టి మర్చిపోయిన చెత్త. మెట్ల దగ్గర ఇంకా నిలబడి పేర్లు వల్లె వేస్తున్న తల్లితో, "పేర్లతో ఏం పనిలే అమ్మా, ఆ టెస్టుతో మొదలుపెట్టి చెత్తంతా ఊడ్చేస్తున్నా," అన్నాడు.

అత్తగారు మెట్లెక్కుతూ మర్చిపోకుండా పేర్లు పాటలా అనుకుంది. పైకెళ్ళి ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "అడ్మినట, పబ్లికట, టెంపట, టెస్టట. ఇందులో నీదేదైనా ఉంటే చెప్పు. లేకపోయినా ఫరవాలేదులే, మీ మరిది టెస్టుతో మొదలుపెట్టి అన్నీ ఊడ్చేస్తున్నాడు."

పెద్ద కోడలి చేతిలోని రంగు గిన్నె అద్దం కింద బల్ల మీద బోర్లాపడింది.

ఆవిడ మెట్లు దిగిందనడం కంటే దొర్లిందనడం నయం. ఒక కాలికే చెప్పు, భుజాల మీద తువ్వాలు, నుదుటి మీదికి కారుతున్న నల్లటి రంగు. షాపు గుమ్మంలోకి వచ్చేసరికి మరిది వేలు మౌసు మీద ఉంది. ఈ ఫోల్డరును శాశ్వతంగా తీసేయమంటారా అని కంప్యూటర్ అడుగుతోంది.

"చెయ్యి తియ్!"

ఆ కేకకు ఆయన చేయే కాదు, కుర్చీ కూడా వెనక్కి పోయింది. ఫోన్ మాట్లాడుతున్న చిన్న కోడలు, మళ్ళీ చేస్తానండీ అని కోచ్‌తో చెప్పి లోపలికి పరుగెత్తుకొచ్చింది.

పెద్దామె మౌసు లాక్కుని 'వద్దు' నొక్కింది. తర్వాత గానీ ఊపిరి పీల్చుకోలేదు.

"ఇదేనయ్యా మీ ప్రొఫైలు! దీన్నే తగలబెట్టబోయావు! చేప, పాము, ఏనుగు, అన్నీ ఇందులోనే ఉన్నాయి."

"టెస్టులోనా?" అన్నారు మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకేసారి.

"కొన్నరోజు ఆ కొట్టువాడు, నడుస్తోందో లేదో చూడ్డానికి టెస్ట్ అని కొట్టి ఇచ్చాడు. నేను తర్వాత చంటి అని మార్చాను. నువ్వు బుజ్జి అని మార్చావు. మారేది పైన కనబడే పేరే. లోపల ఫోల్డరుకి మాత్రం పుట్టినప్పుడు పెట్టిన పేరే ఉంటుంది. మనమెన్ని బోర్డులు మార్చినా అది మారదు."

చిన్న కోడలు నడుం మీద చేతులు వేసుకుంది. "ఈ ముక్క ముందే చెప్పుండొచ్చుగా అక్కా?"

"నువ్వు అడిగితేగా? యూజర్ ఛార్జీలు అడుగుతుంటే నేనేం చెప్పను?"

"మాటలు తారుమారు చేసింది నేను కాదు, అత్తయ్య."

"అవునమ్మా, నేనే," గుమ్మంలోంచి అత్తగారు అంది. "ఇద్దరూ కలిసి నన్ననండి."

"వదినా!" భర్త కెవ్వుమన్నాడు. "తల పక్కకి పెట్టు! జాకెట్లు!"

బల్ల మీద పరిచిన తెల్ల జాకెట్లకు జానెడు దూరంలో పెద్దామె చెవి పక్కనుంచి ఓ నల్లటి బొట్టు జారుతోంది. చిన్న కోడలు చేతికందిన గుడ్డముక్కతో దాన్ని అక్కడికక్కడే ఒత్తేసింది. పెద్దామె కదలకుండా తుడిపించుకుంది. ఆ క్షణాన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు అంత దగ్గర్నుంచి చూసుకోక తప్పలేదు. ఇద్దరూ ఇబ్బందిగా తెర వైపు తిరిగారు.

దొరికింది కదా అని అంతటితో అయిపోలేదు. ఆపి మళ్ళీ వేస్తే సరిగ్గా తెరుచుకుంటుందని పెద్దామె పట్టుబట్టింది. మరిది మొహం వెలిగింది. వేశారు. అదే నీలి రంగు, అదే చెత్తబుట్ట.

"చూశావా? అది రాదు," అంది చిన్నామె. "తలుపు తెరుచుకోనప్పుడు తలుపు ముందు ఎన్నిసార్లు నిలబడి ఏం లాభం? ఫోల్డర్లోకి పక్కనుంచే వెళ్దాం." టెస్ట్ మీద రెండుసార్లు నొక్కింది. ఇది తెరవడానికి మీకు అనుమతి లేదు అని వచ్చింది.

"తాళం వేసుంది. నీకు చెబితే వినవు," అంది పెద్దామె.

"కింద 'కొనసాగించు' అని కూడా ఉంది. అదీ చదువు." నొక్కింది. పైన ఆకుపచ్చ గీత ఒకటి మొదలై, చీమకంటే నెమ్మదిగా పాకసాగింది.

అది పాకినంతసేపూ ఎవరూ అక్కణ్ణుంచి కదల్లేదు. ఊరకే చూస్తూ కూర్చోలేక మాటలు వచ్చేశాయి.

"నన్నడిగి మార్చుంటే ఏం పోయేది?" అంది పెద్దామె, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే. "ఇంటికొచ్చేసరికి నా కుర్చీలో నేను లేను."

"కుర్చీ అక్కడే ఉందిగా. కూర్చోకుండా వెళ్ళిపోయింది నువ్వు. చంటిపిల్ల ఎవరని అందరూ నవ్వుతుంటే నాకు కష్టంగా ఉండి మార్చాను."

"నవ్వితే నా పేరుకి నవ్వారు. నీకేం కష్టం?"

"నీ పేరుకి నవ్వితే నాకు కష్టం ఉండదా?"

అంతలో గీత అవతలికి చేరింది. ఫోల్డరు తెరుచుకుంది. డెస్క్‌టాప్ నొక్కగానే బిలబిలమంటూ అన్నీ వచ్చిపడ్డాయి. ఆసుపత్రి పేర్లు, హోటలు అంచులు, టోపీలు. వాటి నడుమ తోక పైకెత్తిన చేప.

"అమ్మయ్య," అన్నాడు భర్త. "నేను చెప్పానుగా, ఎక్కడికీ పోదని."

ఇద్దరాడవాళ్ళూ ఆయన వైపు చూసిన చూపుకు ఆయన జాకెట్లు ఫ్రేములకు బిగించే పని గుర్తొచ్చినట్టు వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

ముందు అంతా పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించారు. ఇన్నాళ్ళూ ఎందుకు ఎక్కించి పెట్టుకోలేదని పెద్దామె, నువ్వున్న రోజుల్లో నువ్వెందుకు చేయలేదని చిన్నామె. చేప తెరిచాక ఇంకో గొడవ తేలింది. కుట్లు ఎక్కడివక్కడ ఉన్నాయి గానీ, ఏ చోట ఏ దారమో రాసిపెట్టుకున్న రంగుల పట్టిక ఈ ఉత్తుత్తి ప్రొఫైల్లో లేదు. చేప గులాబీ రంగులో మెరుస్తోంది.

"ముదురు నీలం," అంది పెద్దామె గోడ మీది కోన్లు చూపిస్తూ.

"నువ్వసలు కోచ్‌ని చూడలేదు. ఆయనకు కావాల్సింది లేత నీలం. ముదురుది అలలకి."

"లేత నీలం తెలుపు మీద కనబడి చస్తుందా?"

"కనబడాలనే అంచుకు నల్లది వేశాను. నీకు చూపిద్దామంటే నువ్వు కిందికి వస్తేగా?"

ఓ పాత గుడ్డ మీద రెండు చేపలు కుట్టి చూశారు. ముదురు నీలం చేప అలల్లో కలిసిపోయింది. పెద్దామె దాన్ని వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "సరే, లేతదే వెయ్యి. కానీ కడుపు దగ్గర కుట్లు మరీ దట్టంగా వేశావు, గుడ్డ ముడుచుకుంటోంది," అంది. అది నిజమే. చిన్నామె పళ్ళు కొరుక్కుంటూ దిద్దింది. మిషను అన్ని సూది తలలతోనూ ఒక్కసారిగా టకటకమంది. ఆ చప్పుడులో ఎవరికీ ఎవరి మాటా వినబడదు. ఆ ఇంట్లో ఆ పూట దొరికిన ప్రశాంతత అదే.

జాకెట్ల మొదటి వరస దిగాక గానీ పెద్దామెకు తల గుర్తు రాలేదు. కడుక్కుని వచ్చేసరికి సగం జుట్టు కాటుకలా, సగం ఎప్పటిలా ఉంది. సాయంత్రం జాకెట్ల కోసం వచ్చిన కోచ్ ఆ తల వంక చూసి, చూడనట్టు చేపల వంక చూసి, బాగున్నాయమ్మా అని చెప్పి అట్టపెట్టెలు ఆటోలోకి ఎక్కించుకున్నాడు.

మర్నాడు పొద్దున పెద్ద కోడలు వస్తానని ఎవరితోనూ చెప్పలేదు. షట్టరెత్తిన కాసేపటికి వచ్చి కుర్చీలో కూర్చుని, మౌసుకి ఈ జిడ్డేమిటి, దీన్ని ఎవరూ తుడవరా అంది. మధ్యాహ్నం కంప్యూటర్ ఆయన వచ్చి, ఆ పాత ప్రొఫైలు ఇక లేవదని, కొత్త యూజర్ని పెట్టి ఫైళ్ళన్నీ అందులోకి మారుస్తానని చెప్పాడు. పేరేం పెట్టమంటారని అడిగితే చిన్నామె చంటి అంది, పెద్దామె బుజ్జి అంది. ఆయన కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

"మేడమ్, ఫోల్డరుకి ఇప్పుడు పడిన పేరే ఉండిపోతుంది. తర్వాత మార్చమంటే నావల్ల కాదు."

"షాపు పేరు పెట్టండి," అంది చిన్నామె.

"అదేదో అప్పుడే తోచి ఉంటే సరిపోయేది," అంది పెద్దామె.

"నువ్వన్నా చెప్పాల్సింది."

"ఎలా చెప్పను? నేను మాట్లాడ్డం లేదుగా."

ఆయన షాపు పేరు కొట్టి, స్పెల్లింగు ఇద్దరి చేతా విడివిడిగా చదివించి, అప్పుడు ఎంటర్ నొక్కాడు.